పాత బండికి ఎల్‌ఈడీ హెడ్‌లైట్: ఎందుకు? ఎలా?

తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్టో, మైసూరు నుంచి వచ్చిన యెజ్దీయో ఇంట్లో ఉన్నవాళ్ళందరిదీ ఒకటే బాధ. ఇంజను చక్కగా పలుకుతుంది, పగలు ఎంత దూరమైనా పోవచ్చు, చీకటి పడ్డాక మాత్రం ముందున్న దారి కనిపించదు. బజారులో ఎల్‌ఈడీ బల్బులు చవకగా దొరుకుతున్నాయి. పాత హోల్డర్‌లో కూర్చునేవీ ఉన్నాయి. మరి పాతది తీసి కొత్తది పెట్టేస్తే అయిపోతుందా?

కొన్ని బళ్ళకి నిజంగానే అయిపోతుంది. కొన్నిటికి ఒక ఇబ్బంది పోయి రెండు కొత్తవి వస్తాయి. మన బండి ఏ కోవలోదో బల్బు డబ్బా మీద రాసి ఉండదు. బండిలో కరెంటు ఎక్కడ పుడుతోంది, ఏ దారిన హెడ్‌లైట్ డూమ్ దాకా వస్తోంది, వచ్చాక డూమ్ లోపలి రిఫ్లెక్టరు ఆ వెలుగుని ఎటు పంపుతోంది అన్న మూడు సంగతులూ తెలిస్తేనే చెప్పగలం. ఎల్‌ఈడీ తీర్చేది కరెంటు కొరతని. వెలుగు రోడ్డు మీద ఎక్కడ పడాలన్నది రిఫ్లెక్టరు పని, ఆ పనిని ఎల్‌ఈడీ ఒక్కోసారి చెడగొడుతుంది కూడా. ఇక్కడినుంచి చెప్పేదంతా ఈ రెంటి గురించే.

అసలు పాత దీపం అంత నీరసంగా ఎందుకుంటుంది?

మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి 1996 దాకా జావా, యెజ్దీ బళ్ళు తయారుచేసింది. ఆ పాత 250 సీసీ జావాల్లో కరెంటిచ్చేది 6 వోల్టుల డైనమో. దాని సత్తా 45 వాట్లు, అదీ ఇంజను బాగా తిరుగుతున్నప్పుడు. 35 వాట్ల హెడ్‌లైట్ బల్బు, 5 వాట్ల వెనక దీపం వెలిగితే మిగిలేది 5 వాట్లు. ఇగ్నిషన్ కాయిల్, హారన్, బ్యాటరీ చార్జింగ్, అన్నీ ఆ 5 లోంచే సర్దుకోవాలి. లెక్క కుదరదు. అందుకే రాత్రి ప్రయాణం సాగేకొద్దీ బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో నిలబడితే డైనమో చార్జే ఇవ్వదు, దీపం మొత్తం బ్యాటరీ నెత్తిన పడుతుంది. బ్రిటిష్ బళ్ళలో ఎక్కువగా కనిపించే లూకాస్ ఈ3ఎల్ డైనమో 60 వాట్లది, అంటే కాస్త నయం అంతే.

రెండో కారణం చాలామంది పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: వైరింగు. 35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది, 6 వోల్టుల మీదైతే 6 లాగుతుంది. స్విచ్‌లో పాయింట్లు నల్లబడి, ఎర్త్ స్క్రూ తుప్పు పట్టి, దారిలో 0.2 ఓముల అడ్డు వచ్చిందనుకోండి. 12 వోల్టుల బండిలో అక్కడ పోయేది 0.6 వోల్టు, అంటే ఇరవయ్యో వంతు. 6 వోల్టుల బండిలో పోయేది 1.2 వోల్టులు, అంటే ఐదో వంతు. తుప్పు ఒక్కటే, నష్టం నాలుగింతలు.

పోయింది ఐదో వంతే కదా అనుకోవడానికి లేదు. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజితో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. 20 శాతం తగ్గితే సగం కూడా మిగలదు. మీ బండి దీపం ఎర్రగా, మసకగా ఉందంటే బల్బు చెడ్డదై ఉండాల్సిన పని లేదు. దానికి అందాల్సింది అందడం లేదేమో ముందు చూడాలి.

కాబట్టి బల్బు కొనేముందు ఒక మల్టీమీటర్ తెచ్చుకోండి. ఇంజను కాస్త రేజ్‌లో ఉంచి, హెడ్‌లైట్ వెలిగించి, బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. తర్వాత బల్బు హోల్డర్ దగ్గర, బల్బు వెలుగుతుండగానే చూడండి. బల్బు తీసేసి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి నష్టం కనిపించదు, రీడింగు నిండుగా ఉండి మోసపోతారు. 12 వోల్టుల బండిలో ఈ రెంటికీ అర వోల్టుకి మించి తేడా ఉంటే ముందు వైరింగు సంగతి తేల్చాలి. 6 వోల్టుల బండిలో పావు వోల్టు తేడా వచ్చినా ఊరుకోకూడదు. తేడా చాలావరకు ఎర్త్ దగ్గరే దొరుకుతుంది. మీటర్ ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, రెండో కొస హోల్డర్ ఎర్త్‌కి పెడితే ఆ దారిలో ఎంత పోతోందో నేరుగా తెలుస్తుంది. పెయింటు వేసిన డూమ్, గ్రీజు నిండిన స్టీరింగ్ బేరింగులు ఎర్త్‌కి మంచి దారి కావు. హోల్డర్ నుంచి బ్యాటరీ దాకా విడిగా ఒక ఎర్త్ వైరు లాగడం ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితమిచ్చే పని.

డూమ్ విప్పారు కాబట్టి రిఫ్లెక్టర్ కూడా చూడండి. దాని మెరుపు పోయి బూడిద రంగుకి తిరిగితే ఏ బల్బు వేసినా వెలుగు లోపలే ఇంకిపోతుంది. దాన్ని గుడ్డతో, పాలిష్‌తో రుద్దకండి. ఆ పూత చాలా పలచన, రుద్దితే ఉన్నదీ పోతుంది. పూత మళ్ళీ వేయించాలి, లేదా రిఫ్లెక్టరే మార్చాలి.

మరి ఎల్‌ఈడీ వల్ల లాభమేమిటి?

కరెంటు మిగులుతుంది. హాలోజన్ ఫిలమెంటు ఒక వాటుకి 15 నుంచి 25 ల్యూమెన్లు ఇస్తే, మంచి ఎల్‌ఈడీ సుమారు 100 ఇస్తుంది. 35 వాట్ల పని 12, 15 వాట్లలో జరిగిపోతుంది. పైన చెప్పిన 45 వాట్ల డైనమోకి ఇది ఊపిరి అందినట్టే. బ్యాటరీ రాత్రిపూట కూడా చార్జ్ అవుతుంది, స్విచ్ పాయింట్లు వేడెక్కవు, అమ్మీటర్ ముల్లు మైనస్ వైపు వాలిపోదు. బల్బు లోపలి సర్క్యూట్ మంచిదైతే వోల్టేజి కాస్త అటూ ఇటూ అయినా వెలుగు తగ్గదు. అందుకని 6 వోల్టుల డైనమో బళ్ళకి ఎల్‌ఈడీ వేయమని నేను గట్టిగానే చెబుతాను.

12 వోల్టుల బండికి అంత గట్టిగా చెప్పను. వైరింగు బాగుండి, రిఫ్లెక్టర్ మెరుస్తుంటే, మంచి హాలోజన్ బల్బు చక్కటి దారి చూపిస్తుంది. హెచ్4 బల్బు డిప్పర్‌లో 1000, అప్పర్‌లో 1650 ల్యూమెన్లు ఇవ్వాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. చిన్న బళ్ళలో వాడే 35 వాట్ల హెచ్‌ఎస్1 బల్బుకి ఆ అంకెలు 525, 825. రోడ్డు చూడటానికి కావలసిన వెలుగు ఈ మోతాదులోదే. ఎల్‌ఈడీ డబ్బాల మీద కనిపించే ఇరవై వేల ల్యూమెన్ల మాట నమ్మకండి. బల్బు ఎన్ని ఆంపియర్లు తీసుకుంటోందో కొలిచి, వోల్టేజితో గుణిస్తే వాట్లు వస్తాయి. ఆ వాట్లని 100తో గుణించండి. నిజం ఆ అంకె చుట్టుపక్కల ఉంటుంది, చవక బల్బుల్లో ఇంకా కిందే ఉంటుంది.

ఏసీయా, డీసీయా?

ఇది తేల్చుకోకుండా బల్బు కొనొద్దు. పరీక్ష తేలికే. ఇంజను ఆపి, తాళం తిప్పి హెడ్‌లైట్ స్విచ్ వేయండి. వెలిగితే దీపం బ్యాటరీ మీద ఉన్నట్టు, అంటే డీసీ. ఇంజను నడుస్తున్నప్పుడే వెలిగి, రేజ్ ఇస్తే పెరిగి, వదిలితే తగ్గుతుంటే అది నేరుగా ఆల్టర్నేటర్ కాయిల్ నుంచి వస్తోంది, అంటే ఏసీ. మన దేశంలో అమ్మిన పాత బళ్ళు చాలావాటిలో హెడ్‌లైట్‌ని ఏసీ మీదే ఉంచేవారు, బ్యాటరీ చిన్నదైనా సరిపోతుందని.

ఏసీ మీద ఫిలమెంటుకి ఇబ్బంది లేదు. కొలిమిలోంచి తీసిన ఇనుము వెంటనే నల్లబడనట్టే, కరెంటు ఒక క్షణం ఆగినా ఫిలమెంటు తన వేడితో వెలుగుతూనే ఉంటుంది. ఎల్‌ఈడీకి ఆ ఓపిక లేదు. కరెంటు ఆగిన మరుక్షణం ఆరిపోతుంది, ఎదురు దిశలో వస్తే వెలగనే వెలగదు. లూకాస్ పద్ధతి ఆల్టర్నేటర్‌లో రోటర్‌కి ఆరు ధ్రువాలుంటాయి, ఇంజను ఒక చుట్టు తిరిగితే కరెంటు మూడుసార్లు దిశ మార్చుకుని తిరిగొస్తుంది. ఐడ్లింగ్‌లో నిమిషానికి 900 చుట్లు అనుకుంటే సెకనుకి 45 సార్లు. అందులో ఒక వైపు సగమే వాడుకునే బల్బైతే సెకనుకి 45 సార్లు ఆరి వెలుగుతుంది. కళ్ళు లాగుతాయి, కదిలే వస్తువులు ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపిస్తాయి. ఏసీ, డీసీ రెంటికీ పనికొస్తుందని రాసిన బల్బుల్లో కరెంటుని రెండు వైపులా వాడుకునే బ్రిడ్జి రెక్టిఫైయర్ ఉంటుంది. మినుకు తగ్గుతుంది కానీ, ఐడ్లింగ్‌లో పూర్తిగా పోవాలంటే కెపాసిటర్ కూడా కావాలి.

కరెంటు మిగలడం ఎప్పుడూ మంచిదే అనుకోవడానికీ లేదు. పాత స్కూటర్లు నడిపినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, హెడ్‌లైట్ బల్బు మాడిపోతే కాసేపటికే వెనక బల్బూ మాడిపోయేది. రెగ్యులేటర్ లేని ఆ బళ్ళలో వోల్టేజిని అదుపులో పెట్టేది హెడ్‌లైట్ బల్బే. అది తినే కరెంటుని బట్టి కాయిల్ చుట్టారు. అలాంటి బండిలో 35 వాట్ల బల్బు తీసి 12 వాట్ల ఎల్‌ఈడీ పెడితే మిగిలిన కరెంటుకి పోయే దారి ఉండదు, వోల్టేజి ఎగబాకుతుంది. వెనక బల్బు పోతుంది, ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ కూడా పోవచ్చు. 1950లు, 60ల నాటి బ్రిటిష్ 6 వోల్టుల ఆల్టర్నేటర్ బళ్ళలో ఇదే చిక్కు మరో రూపంలో ఉంది. వాటిలో లైట్ స్విచ్ తిప్పితే అదనపు కాయిల్స్ వచ్చి కలిసేవి, దీపం ఆ అదనపు కరెంటుని తినేసేది. దీపం తిండి తగ్గిస్తే ఆ కరెంటంతా బ్యాటరీలోకి పోయి యాసిడ్ మరగడం మొదలవుతుంది. ఇలాంటి బళ్ళకి ముందు మంచి రెగ్యులేటర్ రెక్టిఫైయర్ పెట్టించి, బల్బు సంగతి ఆ తర్వాత చూసుకోవాలి.

ఏసీ హెడ్‌లైట్ వైరుని కోసి బ్యాటరీకి కలిపేస్తే సరిపోదా అంటే, ఎల్‌ఈడీతో చాలాసార్లు సరిపోతుంది, దాని తిండి తక్కువ కాబట్టి. కానీ ఆ బండిలో బ్యాటరీని చార్జ్ చేసే కాయిల్ హెడ్‌లైట్‌ని దృష్టిలో పెట్టుకుని చుట్టింది కాదు. మార్చాక దీపం వేసి, ఊళ్ళో తిరిగే వేగానికి ఇంజనుని రేజ్ చేసి, బ్యాటరీ వోల్టేజి చూడండి. 12 వోల్టుల బండిలో అది 13.5 చుట్టూ ఉంటే నిశ్చింతగా ఉండండి. 12.8 కిందికి జారుతుంటే బ్యాటరీ కరుగుతున్నట్టే.

వెలుగు పెరిగినా రోడ్డు ఎందుకు కనిపించదు?

ఎల్‌ఈడీ పెట్టిన చాలామంది మొదటి రాత్రి చెప్పేదిదే. చెట్ల కొమ్మలు తెల్లగా మెరుస్తాయి, ఎదుటివాడు లైట్లు కొట్టి తిడతాడు, ముందున్న గుంట మాత్రం దగ్గరికొచ్చేదాకా కనిపించదు.

రిఫ్లెక్టర్ గిన్నెకి ఒక నాభి ఉంటుంది. దీపం సరిగ్గా అక్కడ ఉంటే వెలుగు సమాంతరంగా దూరం పోతుంది. అప్పర్ ఫిలమెంటు ఉండేది అక్కడే. హెచ్4 బల్బులో డిప్పర్ ఫిలమెంటుని నాభికి కాస్త ముందు పెడతారు. అప్పుడు గిన్నె పై సగం మీద పడిన వెలుగు కిందికి, రోడ్డు మీదికి వంగుతుంది. కింది సగం మీద పడేది పైకి పోతుంది కాబట్టి, ఆ వెలుగు అక్కడికి చేరకుండా ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అంతకంటే పాత బల్బులు కొన్నిటిలో దొప్ప ఉండదు. డిప్పర్ ఫిలమెంటుని నాభికి కాస్త పైన పెట్టి, మిగతా పని ముందు గాజు మీది గీతలకి వదిలేశారు. ఏ పద్ధతైనా లెక్కంతా మిల్లీమీటర్లలో ఉంటుంది.

ఫిలమెంటు సన్నటి తీగ, చుట్టూ అన్ని వైపులా వెలుగుతుంది. ఎల్‌ఈడీ చిప్పులు ఒక పలక మీద అతికించి ఉంటాయి, కుడికీ ఎడమకీ మాత్రమే చూస్తాయి. పలక మందంగా ఉంటే రెండు చిప్పులూ నాభి నుంచి పక్కకి జరిగిపోయినట్టే, కాంతిపుంజం చెదిరిపోతుంది. అందుకే బల్బు కొనేటప్పుడు వాట్ల కంటే ముందు పలక మందం చూడండి, పలచనిది తీసుకోండి. పాత బల్బు చేతిలో పట్టుకునే షాపుకి వెళ్ళండి. ఫిలమెంట్లు బేస్ నుంచి ఎంత దూరాన ఉన్నాయో, ఎల్‌ఈడీ చిప్పులూ అంతే దూరాన ఉండాలి. పాతదానికి దొప్ప లేకపోతే, హెచ్4ని చూసి దొప్పతో చేసిన ఎల్‌ఈడీ ఆ డూమ్‌లో సరిగ్గా పనిచేయదు, డిప్పర్‌లో సగం గిన్నె చీకటిగా ఉండిపోతుంది.

జర్మనీలో 2020లో మొదటిసారి హెచ్7 ఎల్‌ఈడీ బల్బుకి రోడ్డు అనుమతి ఇచ్చినప్పుడు కూడా, పరీక్షించి చూసిన ఫలానా వాహనాలకే ఇచ్చారు. డూమ్‌నీ బల్బునీ కలిపి చూడాలన్నది అక్కడి ఆలోచన. మన మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధంగా మార్పులు చేయడాన్ని ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచినా, డివైడర్ లేని మన సింగిల్ రోడ్ల మీద ఎదురుగా వచ్చేవాడి కళ్ళు బైర్లు కమ్మితే అతను అంచు దిగి పడేది ధాన్యం ఆరబోసిన కళ్ళంలోనో, నడిచిపోయే మనిషి మీదో. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు మొహమాటం లేదు. డిప్పర్‌లో ఎదుటివాడి కళ్ళలో పడే బల్బు ఎంత వెలుగిచ్చినా తీసేయాల్సిందే.

ఏ రంగు, ఏ బల్బు?

6500 కెల్విన్ల నీలపు తెలుపు చూడ్డానికి గొప్పగా ఉంటుంది. తడి తారు మీదా, పొగమంచులోనూ అది పాత పసుపు వెలుగంత హాయిగా ఉండదు, ఎదుటివాళ్ళ కళ్ళకీ ఎక్కువ గుచ్చుకుంటుంది. 3000 నుంచి 4300 మధ్యలోది తీసుకోండి, పాత బండి ముఖానికి అదే నప్పుతుంది కూడా.

ఎల్‌ఈడీ ముందుకి వేడి పంపదు, వేడంతా వెనక ఉంటుంది. బుల్లెట్‌లో హెడ్‌లైట్ బిగించే క్యాస్కెట్ లోపల స్పీడోమీటర్, అమ్మీటర్, వైర్ల గుత్తి అన్నీ ఇరుక్కుని ఉంటాయి, గాలి ఆడదు. మే నెల ఎండకి అది ముందే వేడెక్కి ఉంటుంది. వెనక చిన్న ఫ్యాన్ ఉన్న బల్బు దుమ్ముకి ఆగిపోతే చిప్పులు కొన్నాళ్ళలోనే మసకబారతాయి. ఫ్యాన్ లేకుండా పెద్ద అల్యూమినియం రెక్కలున్న తక్కువ వాట్ల బల్బే మన వాతావరణానికి మన్నుతుంది. కొనేముందు క్యాస్కెట్ లోపల ఎంత చోటుందో కొలుచుకోండి. ముందు వైపు వేడి లేకపోవడానికి ఇంకో ఫలితం కూడా ఉంది. వానాకాలంలో గాజు లోపల పట్టిన ఆవిరిని ఫిలమెంటు ఆరబెట్టేది, ఎల్‌ఈడీ ఆరబెట్టదు. రిమ్ రబ్బరు గట్టిపడి ఉంటే మార్చేయండి.

బల్బు మీద వోల్టేజి చదవండి. 9 నుంచి 30 వోల్టులని రాసి ఉన్నది 6 వోల్టుల బండిలో వెలగదు. చాలా బ్రిటిష్ బళ్ళలో బ్యాటరీ పాజిటివ్‌ని ఫ్రేముకి కలుపుతారు. అలాంటి బండికి మామూలు ఎల్‌ఈడీ పెడితే వెలగకపోవడమే కాదు, పాడవచ్చు కూడా. బ్యాటరీ ఏ టెర్మినల్ ఫ్రేముకి పోతోందో కళ్ళారా చూసి, రెండు ధ్రువాలకీ పనిచేసే బల్బు అడిగి తెచ్చుకోండి.

వెనక దీపానికి ఎర్ర గాజు ఉంటే ఎర్ర ఎల్‌ఈడీయే వేయాలి, తెల్లది వేస్తే గులాబీ రంగు వస్తుంది. కానీ ఆ దీపమే కిందనున్న కిటికీలోంచి నంబరు ప్లేటుని వెలిగించే రకమైతే, కిందికి తెల్లగా వెలిగే చిప్పులు కూడా ఉన్న బల్బు కావాలి.

బిగించాక

చిప్పులు సరిగ్గా కుడి ఎడమలకి చూస్తున్నాయో లేదో చూడండి. బయొనెట్ హోల్డర్లు కొన్నిటిలో బల్బు రెండు విధాలుగానూ కూర్చుంటుంది, తలకిందులైతే డిప్పర్ వేసినప్పుడు వెలుగు ఆకాశంలోకి పోతుంది. తర్వాత చదునైన నేల మీద, గోడకి ఏడున్నర మీటర్ల దూరంలో బండి నిలబెట్టండి. స్టాండ్ మీద కాదు, మీరు ఎక్కి కూర్చునే చూడాలి. బరువు పడితే వెనక షాక్ అబ్జార్బర్లు దిగి హెడ్‌లైట్ పైకి లేస్తుంది. డూమ్ మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతో గీయండి. డిప్పర్ వెలుగు పై అంచు ఆ గీతకి ఏడెనిమిది సెంటీమీటర్లు కిందే ఉండాలి. గీత పైన తెల్లటి మరకలు కనిపించి, రిమ్ ఎంత వంచినా పోకపోతే ఆ బల్బు ఆ డూమ్‌కి కాదు. వెనక్కి ఇచ్చేయండి. క్యాస్కెట్‌లో రిమ్ కదలిక ఎలాగూ కొంచెమే.

అప్పటికీ కుదరకపోతే గాజు, రిఫ్లెక్టర్‌తో సహా మొత్తం ఏడంగుళాల ఎల్‌ఈడీ యూనిట్ వేసుకోవచ్చు. వెలుగు విషయంలో మంచి యూనిట్‌ని ఏ బల్బూ దాటలేదు, చిప్పులకి తగ్గట్టుగానే దాని అద్దాలు చేస్తారు కాబట్టి. బండి ముఖం మారిపోవడం దానికి చెల్లించాల్సిన మూల్యం. రాత్రిళ్ళు హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకి నేను అదే చెబుతాను. ఆదివారం పొద్దున ఊరి చుట్టూ తిప్పే బండికి పాత గాజే ఉంచుకోమంటాను.

ఏది వేసినా అసలు వైర్లు కోయకండి, సరిపోయే కనెక్టర్లతోనే కలపండి. ఎల్‌ఈడీ సర్క్యూట్ పోతే అప్పర్, డిప్పర్ రెండూ ఒకేసారి ఆరిపోవచ్చు, దారిలో ఏ చిన్న షాపులోనూ దానికి బదులు దొరకదు. పాత ఫిలమెంటు బల్బుని గుడ్డలో చుట్టి టూల్ బాక్సులో పెట్టుకోండి. కనెక్టర్ ముట్టుకోకుండా ఉంచితే, ఒక స్క్రూడ్రైవర్‌తో దాన్ని అక్కడికక్కడే తిరిగి బిగించుకోవచ్చు.